చీల్చిన పిల్లనగ్రోవి: స్తంభాల చాళ్ళ కథ

మా వీధి చివరి వడ్రంగి దుకాణంలో గత వేసవిలో తండ్రీకొడుకుల మధ్య ఒక చిన్న తగవు వచ్చింది. తండ్రి ఉలి, బాడిస పట్టి బ్రతికినవాడు. కొడుకు కంప్యూటరు అంకెలతో నడిచే సి.ఎన్.సి. రౌటరు కొన్నాడు. ఎవరి వసారాకో టేకు స్తంభాలు చేయవలసి వచ్చింది. అడుగున వ్యాసం 120 మిల్లీమీటర్లు, పైన 100. చుట్టూ 24 నిలువు చాళ్ళు. యంత్రం మొదటి స్తంభాన్ని ఒక్క పూటలో చెక్కి ఇచ్చింది. తండ్రి దానిని నిలబెట్టి, కాస్త ఎడంగా వెళ్ళి చూసి, "అడుగున బాగానే ఉందిరా, పైకి పోయేకొద్దీ చాళ్ళు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి" అన్నాడు. ఇచ్చిన కొలతలో వెంట్రుకవాసి తేడా లేదని కొడుకు వాదన. ఇద్దరి మాటా నిజమే. ఎలాగో తెలియాలంటే ఈ చాళ్ళ చరిత్ర కొంత చెప్పుకోవాలి.

ఇంగ్లీషులో ఈ చాలును ఫ్లూటు అంటారు. నిలువునా చీల్చిన పిల్లనగ్రోవి లోపలి భాగాన్ని పోలి ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఈజిప్టులోని బెని హసన్ సమాధుల స్తంభాలకు లోతు తక్కువ చాళ్ళున్నాయి. అవి గ్రీకుల రాతి ఆలయాలకంటె వెయ్యేళ్ళకు పైగా ప్రాచీనమైనవి. ఈ అలంకారాన్ని ఒక శాస్త్రంగా తీర్చినవారు మాత్రం గ్రీకులే. వారి డోరిక్ స్తంభానికి సాధారణంగా 20 చాళ్ళు, వాటి మధ్య పదునైన అంచు. అయోనిక్ స్తంభానికి 24, వాటి మధ్య సన్నని పట్టీ. గ్రీకు స్తంభం తొలుత కొయ్యదేనని పలువురి అభిప్రాయం. ఒలింపియాలోని హేరా ఆలయంలో ఒక ఓకు కొయ్యస్తంభం ఇంకా నిలిచి ఉండగా తాను చూచినట్లు క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ వ్రాశాడు.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ వాస్తువేత్త విట్రూవియస్ అయోనిక్ చాళ్ళను గృహిణి కట్టిన వస్త్రపు కుచ్చిళ్ళతో పోల్చాడు. అంతకంటె విలువైన మాట మరొకటి చెప్పాడు. లోపలి స్తంభాలు సన్నగా చేయవలసి వస్తే చాళ్ళ సంఖ్య పెంచమన్నాడు. చూపు ఎక్కువ గీతలను దాటవలసి రావడం వల్ల స్తంభం లావుగా కనబడుతుందట. అంటే చాలు కంటికోసం పుట్టినది. కొలబద్ద దాని తరువాతిది.

అందుకే గ్రీకు శిల్పులు రాతిదిమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చి, స్తంభం నిలిచిన తరువాతనే చాళ్ళు పూర్తిగా చెక్కేవారు. ముందే చెక్కితే అంచులు పెచ్చులూడుతాయి. దిమ్మకూ దిమ్మకూ గీత కలవదు. సిసిలీలోని సెగెస్టా ఆలయం పని నడుమ ఆగిపోయింది. అందలి 36 స్తంభాలు నేటికీ చాళ్ళు లేక నున్నగానే నిలిచి ఉన్నాయి.

నేటి తుర్కియేలోని దిదిమాలో అపోలో ఆలయం ఉంది. 1979లో జర్మన్ పండితుడు లోథార్ హాసెల్‌బెర్గర్ దాని గోడలపై సన్నని గీతలను గుర్తించాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు శిల్పులు గీసుకున్న పనిచిత్రాలవి. వాటిలో ఒకటి స్తంభానిది. వెడల్పును ఉన్నదున్నట్లుంచి, ఎత్తును మాత్రం పదహారో వంతుకు కుదించారు. స్తంభం పైకి సన్నబడుతూ నడుమ కించిత్తు ఉబ్బే తీరు అందులో స్పష్టంగా కనబడుతుంది. ఏ ఎత్తున ఎంత వెడల్పో గోడమీద కొలుచుకొని రాతిపై దింపడమే మిగిలిన పని. నేటివారు మోడలింగు అనే పనికి ఇది తాతవంటిది.

18వ శతాబ్దపు ఐరోపాలో ఈ చాళ్ళు మేజాల, కుర్చీల కాళ్ళ మీద విరివిగా కనబడతాయి. తరిమెన పట్టిన కాలును పొడవాటి పెట్టెలో బిగించి, గంట్లు పెట్టిన చక్రంతో సమభాగాలుగా త్రిప్పుతూ గాడి చిత్రికతో చాలు తీయడం ఒక పద్ధతి. 1940లలో అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టరు రెక్కల వంపును అంకెల పట్టికగా మార్చాడు. ఒకడు పట్టిక చదువుతుంటే ఇద్దరు పనివారు చెరొక దిక్కున యంత్రాన్ని జరిపేవారట. 1952లో ఎం.ఐ.టి. పరిశోధకులు ఆ ముగ్గురి పనిని యంత్రానికే అప్పగించి చూపారు. మా వీధి రౌటరు ఆ వంశంలోనిదే.

ఇక తగవు సంగతి. స్తంభం అడుగు చుట్టుకొలత 377 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే ఒక్కొక్క చాలుకు 15.7 వస్తుంది. 12 చాలుకు పోగా పట్టీకి 3.7 మిగులుతుంది. పైన ఆ భాగం 13.1 మాత్రమే. అక్కడా 12 వెడల్పే తీస్తే పట్టీకి మిగిలేది ఒక్క మిల్లీమీటరు చిల్లర. చాళ్ళు తినేసింది దీనినే!

సరే, పైన బ్లేడును కాస్త ఎత్తితే చాలు సన్నబడుతుంది గదా అనుకున్నాడు కొడుకు. అక్కడ ఇంకొక చిక్కు. 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల గుండ్రని బ్లేడుతో 12 వెడల్పు రావాలంటే లోతు 6 ఉండాలి. వెడల్పు 10కి తగ్గాలంటే లోతు 2.7కు పడిపోతుంది. వెడల్పు ఆరో వంతు తగ్గితే లోతు సగానికి పైగా తరిగింది. అడుగున చిక్కటి నీడ, పైన వెలిసిన నీడ! రెండవ స్తంభాన్నీ తండ్రి ఒప్పుకోలేదు.

చివరకు కొడుకు వెడల్పూ లోతూ ఒకే నిష్పత్తిలో తరిగేలా చాలును కంప్యూటరులో గీశాడు. సన్నని బ్లేడుతో పక్కపక్కగా అనేక పర్యాయాలు నడిపి చెక్కించాడు. ఒక పూట పని రెండు రోజులైంది. బ్లేడు విడిచిన సన్నని గరులను తండ్రి గరుకుకాగితంతో తానే రుద్దాడు. స్తంభాన్ని నిలబెట్టి, మళ్ళీ ఎడంగా వెళ్ళి చూసి, ఈసారి ఏమీ అనలేదు. కొడుకు మిగిలిన మూడు దుంగలూ బయటికి తీశాడు.

యంత్రం వచ్చి పనితనాన్ని మింగిందని మనం తరచు వాపోతాం. ఉలి పట్టే చేతికి పని తగ్గిన మాట నిజమే. ఆ తండ్రి బాధ ఉత్తిది కాదు. అయితే తప్పు ఎక్కడుందో చెప్పినది ఆ చేతులతో యాభై ఏళ్ళు పనిచేసిన కన్ను. ఆ కన్ను కొడుక్కి కూడా అబ్బుతుందా అన్నదే నా బెంగ. యంత్రంతో పాటు అది అమ్మకానికి రాదు గదా.

వడ్రంగం తెలిసిన మిత్రులు నా లెక్కలో దోషముంటే దిద్దగలరు.