దేశదేశములు తిరిగిన ఇత్తడి వాద్యపంచకము

ఇత్తడి వాద్యమనగానే మనవారి మనస్సునకు మొదట తోచునది పెండ్లి ఊరేగింపు. ఎఱ్ఱని కోట్లు తొడిగి, జరీ అంచు టోపీలు పెట్టుకొని, దీపముల వరుసల నడుమ వరుని కారునకు ముందు నడచు బ్యాండు మేళమువారే మనకు పరిచితులు. సన్నాయి విద్వాంసునకు పెండ్లిపందిటిలో చాప గలదు. బ్యాండువారికి వీధియే స్థానము. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళము మ్రోగుచుండగా, బ్యాండువారు తమ బాకాలను ప్రహరీగోడకు ఆనించి, భోజనపు పిలుపునకై ఎదురుచూచుచుందురు. ఈ తారతమ్యము మనలో ఎంత సహజమైపోయినదనగా, ఐదుగురు బాకాలు ఊదువారు వేదికనెక్కి కచేరీ చేయుదురనియు, జనులు టిక్కెట్టు కొని రెండు గంటలు నిశ్శబ్దముగా కూర్చుండి విందురనియు చెప్పినచో పలువురు నమ్మరు.

పశ్చిమదేశములలోను ఇత్తడికి దక్కిన గౌరవము చాలకాలము అంతంత మాత్రమే. సైన్యమునకు ముందు నడచుటకు, రాజుల రాకను చాటుటకు, సింఫనీ వాద్యబృందమున వెనుక వరుసలో కూర్చుండి, పుటల తరబడి విరామము లెక్కించుకొని, చివర నాలుగు గట్టి స్వరములు ఊదుటకు అవి నియుక్తములు. ఆ వెనుక వరుసనుండి లేచివచ్చి లోకమంతయు తిరిగిన కెనడియన్ బ్రాస్ అను బృందముయొక్క చరిత్రను ఇచట కొంత వ్రాయబూనితిమి. మన సంఘ సంచికలో దీనికి చోటేమియని కొందరడుగవచ్చును. కెనడా పేరు పెట్టుకొన్న ఆ బృందమును స్థాపించినవారిరువురును కెనడావారు కారు. అమెరికానుండి వచ్చి టొరాంటో నగరమున స్థిరపడినవారు. తరతరములుగా కన్నడదేశములో, అరవదేశములో, ఒరిస్సాలో ఇండ్లు కట్టుకొన్న మనకు, వచ్చిన చోటి పేరునే తమ పేరుగా జేసికొన్నవారి కథ పరాయిది గాదు.

ముందుగా ఆ వాద్యముల సంగతి. పూర్వకాలపు ట్రంపెట్టు ఒక నిడుపాటి గొట్టము మాత్రమే. పెదవుల బిగువు మార్చి ఊదినచో కొన్ని సహజస్వరములు మాత్రమే పలుకును: షడ్జమము, పంచమము, పై షడ్జమము, ఆపై గాంధారము, ఇట్లు దిగువస్థాయిలో మెట్లు ఎడమెడముగా నుండి, పైకి పోయిన కొలది దగ్గరపడును. ఒక రాగముయొక్క ఆరోహణమును మంద్రమునుండి వరుసగా పలికించుట దానికి అసాధ్యము. 1818లో స్టోల్ట్‌సెల్, బ్లూమెల్ అను ఇరువురు జర్మనులు ప్రష్యాలో కవాటమునకు పేటెంటు పొందిరి. మీట నొక్కినచో గాలి ఒక అదనపు గొట్టములోనికి మళ్లి, గొట్టపు నిడివి పెరిగి, స్వరము దిగును. మూడు మీటలతో అన్ని స్వరస్థానములును చేతికి వచ్చెను. 1835లో బెర్లిన్ నగరమున బాస్ ట్యూబా పుట్టెను. ట్రాంబోనునకు మాత్రము ఈ చిక్కు మొదటినుండియు లేదు. దాని గొట్టము ముందునకు వెనుకకు జారును. మన గమకమునకు కొంతయైనను సమీపించగల ఇత్తడి వాద్యము అదియొక్కటే యని మా తలంపు.

రెండు ట్రంపెట్టులు, ఒక ఫ్రెంచి హారను, ఒక ట్రాంబోను, ఒక ట్యూబా కలిసి వాద్యపంచకమగును. కవాటము ఆలస్యముగా వచ్చుటచే కలిగిన చిక్కు ఒకటి కలదు. హైడన్, మోజార్ట్, బేథోవెన్ మొదలగువారు తంత్రీవాద్య చతుష్టయమునకు కోకొల్లలుగా వ్రాసిరి గాని ఇత్తడి పంచకమునకు ఒక్కటియు వ్రాయలేదు. వారి కాలమున దానికి వలసిన సాధనమే సిద్ధముగా లేదు. రష్యాలో విక్టర్ ఎవాల్డ్ (1860-1935) అను నాతడు కొన్ని మంచి పంచకములు వ్రాసెను. ఆతని వృత్తి సంగీతము కాదు, సివిల్ ఇంజనీరింగు ఆచార్యత్వము. ఉద్యోగము చేసికొనుచు కళను సేవించిన వారియందు మాకు సహజముగానే పక్షపాతము గలదు. న్యూయార్కు బ్రాస్ క్వింటెట్ 1954లోను, అమెరికన్ బ్రాస్ క్వింటెట్ 1960లోను ఏర్పడెను. వీనిలో మొదటిదానికొఱకు ఆంగ్ల స్వరకర్త మాల్కం ఆర్నాల్డ్ 1961లో ఒక పంచకము వ్రాసెను. అయినను ఒక కచేరీ సీజను నిండునంతటి సరకు అప్పటికి లేదు.

1970లో టొరాంటోలో చక్ డాలెన్‌బాక్ అను ట్యూబా విద్వాంసుడును, జీన్ వాట్స్ అను ట్రాంబోను విద్వాంసుడును ఈ బృందమును నెలకొల్పిరి. డాలెన్‌బాక్ ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో డాక్టరేటు పొందిన పండితుడు. వాట్స్ టొరాంటో సింఫనీలో వాయించినవాడు. కొలది కాలములోనే ట్రంపెట్టులకు ఫ్రెడ్ మిల్స్, రొనాల్డ్ రోమ్ వచ్చి చేరిరి. హారను గ్రేమ్ పేజ్‌ది. నెల మొదటి తేదీన జీతము చేతికి వచ్చు కొలువులో జీవితము గడపిన మాకు, ఈ ఐదుగురి సాహసము ఎంతటిదో తెలియును. పాటలు లేవు, పోషకులు లేరు, ఇట్టి బృందమును వినవలెనని అడిగిన శ్రోతలును లేరు.

హామిల్టన్ పట్టణపు ఫిల్‌హార్మోనిక్ వారు, నాటి సంగీత దర్శకుడు బోరిస్ బ్రాట్ ఆధ్వర్యమున, వీరిని ఆస్థాన పంచకముగా స్వీకరించిరి. సింఫనీలో ఇత్తడి విభాగపు పని యొకటి, పంచకముగా పాఠశాలలకు పోయి వాయించు పని మరియొకటి. ఈ రెండవ పనియే వీరి తలవ్రాతను మార్చినదని మా నమ్మకము. పండితసభలో విసుగు కలిగినను శ్రోత మర్యాదకై కూర్చుండును. బడిపిల్లవానికి ఆ మర్యాద తెలియదు, నచ్చనిచో ప్రక్కవానిని గిల్లును. ఆ పిల్లలయెదుట నిలిచి బాక్ సంగీతమును వినిపింపవలెనన్న మాటలు కావలెను, నవ్వు కావలెను, ఆటుపోటులు కావలెను. డాలెన్‌బాక్, వాట్స్ వేదికమీద శ్రోతలతో మాటలాడుటకు అలవాటుపడిరి. హరికథ వినిన మనకు పిట్టకథ విలువ చెప్పనక్కరలేదు గదా.

పాటల కరవునకు వీరు కనుగొన్న ఉపాయము సులభమైనది. ఇతరుల ఇంటి సొత్తును తమ గొంతునకు సరిపడ కుట్టించుకొనిరి. ఆర్గనుకై ప్రసిద్ధమైన బాక్ డి మైనర్ టొకాటా, ఫ్యూగును ఫ్రెడ్ మిల్స్ పంచకమునకు మార్చెను. జి మైనర్ చిన్న ఫ్యూగును రోమ్ మార్చెను. గుడిలో వేలకొలది గొట్టములు పలికెడి సంగీతమును ఐదుగురు మానవులు తమ ఊపిరితో పలికింపవలెను. ఆర్గనుకు ఊపిరి తీసికొనవలసిన అగత్యము లేదు, మనుష్యునకు గలదు. కావున ఒకరు ఊపిరి తీయునపుడు పాటను మరియొకరు అందుకొనునట్లు పంచుకొనవలెను. ఆ అతుకు వినువానికి తెలియరాదు. పంచకపు విద్యలో కష్టమంతయు ఇచటనే యున్నది. 1750లో మరణించునాటికి బాక్ పూర్తిచేయక విడిచిన ఆర్ట్ ఆఫ్ ఫ్యూగు అను మహాగ్రంథమును కూడ వీరు రికార్డు చేసిరి. దానిని ఏ వాద్యమున వాయింపవలెనో బాక్ పేర్కొనలేదు కనుక ఇత్తడివారికిని అందు హక్కు గలదు.

వెనిస్ నగరపు సెయింట్ మార్కు దేవాలయమునకై గాబ్రియేలీ వ్రాసిన పదునారవ శతాబ్దపు సంగీతము ఒకవైపు. ఫ్యాట్స్ వాలర్ (1904-1943) జాజ్ పాటలు మరియొకవైపు. వాలర్ పాటలను వీరికై మార్చి వ్రాసినది లూథర్ హెండర్సన్ (1919-2003) అను నీగ్రో జాతికి చెందిన బ్రాడ్‌వే విద్వాంసుడు. కచేరీ ఆరంభమున సభామందిరపు వెనుకనుండి వాయించుచు, శ్రోతల నడుమనుండి నడచి వేదికనెక్కుట వీరి ఆచారమయ్యెను. ఆ వేళ వాయించునది తరచుగా న్యూఆర్లియన్సు నగరమున శవయాత్రలో వాయించు భక్తిగీతము. ఆ నగరమున శ్మశానమునకు పోవునపుడు విలంబకాలమున వాయించి, తిరిగి వచ్చునపుడు ద్రుతమున నృత్యగతిలో వాయింతురు. అట్లు ఊరేగింపు సంగీతము కచేరీశాలలోనికి తలయెత్తికొని ప్రవేశించెను. మన బ్యాండువారు ఈ ఘట్టమును చూడవలసినది.

వీరి వేషమును గూర్చియు చెప్పవలెను. నల్లని కచేరీ సూటు, బంగారు పూత వాద్యములు, కాళ్లకు మాత్రము ఆటలాడువారి తెల్లని కాన్వాసు బూట్లు! బ్యాలే నృత్యమును అనుకరించుచు, వాద్యము ఊదుచునే గెంతులు వేయు హాస్యాంకమొకటి కూడ గలదు. ఇది విదూషకత్వమనియు, ఉత్తమ సంగీతమును బజారునకు ఈడ్చుటయనియు ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ ఆక్షేపణను త్రోసివేయరాదు. అమెరికన్ బ్రాస్ క్వింటెట్ వారు వేరు మార్గము త్రొక్కిరి: హాస్యము లేదు, జాజ్ వినోదము లేదు, జీవించియున్న స్వరకర్తలచేత క్రొత్త కృతులు వ్రాయించి వాయించుటయే వ్రతము. ట్యూబాకు బదులు బాస్ ట్రాంబోను వాడి శబ్దమునుకూడ వేరుచేసికొనిరి. ఈ రెండు బృందములలో పంచకమునకు శాశ్వతమైన సాహిత్యమును సమకూర్చినవారు రెండవవారేయని మేమును ఒప్పుకొందుము. కాని వినువారిని సమకూర్చినవారు మొదటివారు. వినువారు లేని సాహిత్యము బీరువాలో చెదలకు ఆహారము.

జాతులు కలిపి వాయించుట పాపమనువారు మన ముత్తుస్వామి దీక్షితులవారిని తలచుకొనవలెను. 1835లో పరమపదించిన ఆ మహానుభావుడు ఆంగ్లేయుల బ్యాండు పాటల మెట్లకు సంస్కృత సాహిత్యము రచించెను. అవి నోటుస్వరములని నేటికిని బాలబాలికలకు నేర్పబడుచున్నవి. ఆంగ్లేయుల రాజగీతపు మెట్టునకు సైతము ఆయన దేవీస్తుతిని కూర్చెను. నవావరణకృతులు రచించిన చేయియే వీనిని రచించినది. ఆయన గౌరవమునకు వెంట్రుకవాసి లోపము రాలేదు. తెలుగుపలుకు వర్ధిల్లిన తంజావూరులో రెండవ సర్ఫోజీ మహారాజు (1798-1832) పాశ్చాత్య సంగీతమును ఆదరించెను; ఆనాటి పాశ్చాత్య సంగీత ప్రతులు సరస్వతీమహలునందు గలవు. మేముండు కన్నడదేశమున మైసూరు రాజభవనపు బ్యాండు ప్రసిద్ధము. ఆ బ్యాండులో శాక్సఫోను విని ముగ్ధుడైన కద్రి గోపాలనాథ్ దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసి, 2019లో మరణించువరకు మన కృతులను దానిపై వినిపించెను. అది ఇత్తడితో చేసినదైనను, రెల్లు పుల్లతో పలుకును గాన శాస్త్రప్రకారము ఇత్తడి వాద్యమని చెప్పరాదు. బెంగుళూరు కబ్బన్ పార్కులోని బ్యాండు స్టాండు, సైనిక బ్యాండులు వాయించిన ఆంగ్లేయుల కాలమునకు గుర్తుగా నిలిచియున్నది.

తిరిగి కథకు వత్తము. 1977లో కెనడా ప్రధానమంత్రి పియరీ ట్రూడో ప్రభుత్వము చైనాతో సాంస్కృతిక రాయబారమునకై ఈ బృందమును పంపెను. చైనాలో సాంస్కృతిక విప్లవము ముగిసి అప్పటికి ఏడాది మాత్రమే. బేథోవెన్‌ను వాయించుట నేరముగా చూడబడిన దశాబ్దము గడచి, ఆ దేశమున అడుగిడిన తొలి పాశ్చాత్య బృందములలో వీరొకరు. వందమంది సింఫనీని పంపవలెనన్న విమానములు, గదులు, పెట్టెలు, ఖర్చుల పద్దు ఎంతైనను పెరుగును. ఐదుగురిని పంపుట తేలిక. లెక్కలు వ్రాసిన మా బుద్ధికి ఈ విషయము వెంటనే తట్టినది గాని, ఐదుగురిలో ఒకరికి జలుబు చేసినచో కచేరీయే లేదన్న సంగతియు తట్టినది. రెండేండ్లకు, 1979లో, న్యూయార్కు కార్నెగీ హాలు ప్రధానవేదికపై వీరు కచేరీ చేసిరి. అంతవరకు ఏ ఇత్తడి వాద్యగోష్ఠికిని ఆ వేదిక దక్కలేదు.

నిత్యప్రయాణము మనుష్యులను అరగదీయును. 1983లో గ్రేమ్ పేజ్ విరమించెను. 1986లో బోస్టన్ సింఫనీలో పనిచేసిన డేవిడ్ ఓహానియన్ హారను పట్టెను. తరువాత ట్రంపెట్టులును ఒకరి వెనుక ఒకరు మారిరి. సంస్థాపకులు తొలగిన పిమ్మట బృందము అదే బృందమా యను ప్రశ్న, కార్యదర్శులను మార్చుకొనుచు నడచు మన సంఘములకును తెలిసినదే. ఇచట దానికి సమాధానము కొంతవరకు కాగితములలో నున్నది. వీరు మార్చి వ్రాసిన ప్రతులు అచ్చుపడి అమ్మకమునకు వచ్చెను; నూటికి పైగా రికార్డులు వెలువడెను. క్రొత్తగా చేరిన యువకుడు తాను బాలుడుగా పాఠశాలలో ఆ ప్రతులనే చూచి వాయించినవాడైన సందర్భములు గలవు.

జార్జియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నున్న ఫ్రెడ్ మిల్స్ 2009లో ఇటలీలో కచేరీ ముగించుకొని ఇంటికి వచ్చుచు మోటారు ప్రమాదమున మరణించెను. 2000లో ట్రంపెట్టునకు చేరిన రయన్ ఆంథొనీ, తరువాత డల్లాస్ సింఫనీలో ప్రధాన ట్రంపెట్టు విద్వాంసుడై, 2012లో రక్తసంబంధమైన క్యాన్సరునకు గురియయ్యెను. ఊపిరియే జీవనాధారమైనవానికి అట్టి వ్యాధి. ఆతడు శయ్య విడిచి, తోటి ట్రంపెట్టు విద్వాంసులను పిలిచి, ఆ వ్యాధి పరిశోధనకై నిధి సమకూర్చు కచేరీలు చేయించి, 2020లో కన్నుమూసెను. బృందమునకు యాబదియేండ్లు నిండినదియు ఆ సంవత్సరముననే. అప్పటికి 1970 నాటివారిలో వాయించుచున్నవాడు డాలెన్‌బాక్ ఒక్కడే. మిల్స్ మార్చిన బాక్ టొకాటా ప్రతిని దేశదేశముల విద్యార్థి పంచకములు వాయించుచునే యున్నవి. అందు రెండు ట్రంపెట్టుల వరుసలు మిల్స్, రోమ్ ఊపిరుల కొలతకు కుట్టినవే.