ఎడిటరుకు అనుబంధములు: చేర్చుటయు, తీసివేయుటయు

మా తాతగారి యింట ఒక వాల్వు రేడియో ఉండెడిది. దాని ముఖము ఇంటిల్లిపాదికిని పరిచితమే. వెనుక భాగము మాత్రము పిల్లలకు నిషిద్ధ ప్రదేశము. అచ్చట ఏరియలుకు ఒక రంధ్రము, ఎర్తు తీగకు ఒకటి, గ్రామఫోను పికప్పు తగిలించుటకు రెండు, వేరొక గదిలోని స్పీకరు కొరకు మరి రెండు ఉండెడివి. తమకు తోచని అవసరము కొన్నవారికి తోచవచ్చునని రేడియో చేసినవారు ముందుగనే గ్రహించి ఆ రంధ్రములను విడిచినారు. కాలక్రమమున ఆ పెట్టె వెనుక తీగలు పెనవేసికొని, ఏది దేనికి సంబంధించినదో తాతగారికే తెలియని స్థితి వచ్చినది. ఒకటి పీకినచో ఏది మూగవోవునో యను భయమున, పనికిరాని తీగలు కూడ ఏండ్ల తరబడి అట్లే వ్రేలాడినవి.

కంప్యూటరుపై వ్రాయువారు వాడు టెక్స్ట్ ఎడిటరు అను సాధనము చరిత్ర చదువుచున్నప్పుడు నాకు ఆ తీగలే జ్ఞప్తికి వచ్చినవి. ఎడిటరు అనగా ఇచ్చట పత్రికా సంపాదకుడు కాడు. అక్షరములను కూర్చుటకు, దిద్దుటకు, వెదకుటకు ఉపకరించు ప్రోగ్రాము. అచ్చుకు సొగసుగా పుటలు అమర్చు ప్రోగ్రాములు వేరు. ఇది సాదా పాఠముతో పనిచేయునది. ముఖ్యముగ ప్రోగ్రాములు వ్రాయువారి పనిముట్టు. దీనికి బయటివారు వ్రాసి తగిలించు చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అందురు. మనము అనుబంధము అందము. ఒక అనుబంధము అక్షరదోషములను చూపును. ఒకటి కుండలీకరణములు సరిపోయినవో లేదో చూచును. ఒకటి ఫైళ్ల జాబితాను ప్రక్కన నిలుపును. వీనిని సృష్టించుట ఎట్లు మొదలయినదో పలువురు చెప్పియున్నారు. వీనిని అదుపులో నుంచుకొనుట, ముఖ్యముగ అక్కరలేనిదానిని శుభ్రముగ తీసివేయుట, మానవులు ఎంత ఆలస్యముగ నేర్చుకొన్నారో చెప్పుటయే నా ఉద్దేశము.

1962-63 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాన్ మర్ఫీ అను ఆయన టీకో అను ఎడిటరును నిర్మించినాడు. ఆనాడు పాఠము కాగితపు టేపుపై చిల్లులుగా ఉండెడిది. దానిని దిద్దుటకే ఇది పుట్టినది. పేరులోని మొదటి అక్షరము కూడ తొలుత టేపునే సూచించెడిది. దీనిలో ప్రతి ఆజ్ఞయు ఒకటి రెండు అక్షరములే. ఎవరి పేరునైనను ఆజ్ఞగా కొట్టి, దాని వలన పాఠమునకు ఏ గతి పట్టునో ఊహించుట ఆ కాలపు వారికి ఒక వినోదమట! అయితే ఆ ఆజ్ఞలను వరుసగ కూర్చి ఒక కొత్త ఆజ్ఞగా దాచుకొనుటకు వీలుండెను. అట్టి కూర్పునకు మాక్రో అని పేరు. తరువాతి అనుబంధములకు అదియే పూర్వరూపము.

ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో ఒక్కొక్కరు తమకు నచ్చిన మాక్రోలు వ్రాసికొన్నారు. కొన్నాళ్లకు, ఒకరి కంప్యూటరు ముందు మరియొకరు కూర్చున్నచో ఏ మీట నొక్కిన ఏమగునో తెలియని పరిస్థితి ఏర్పడినది. 1976లో గై స్టీల్ అను ఆయన ఈ మాక్రోలను ఒక పద్ధతికి తెచ్చుటకు పూనుకొన్నాడు. ఆ పనిని రిచర్డ్ స్టాల్‌మన్ అందుకొని ముగించినాడు. అట్లు వెలసినదే ఈమాక్స్. దిద్దుబాటు మాక్రోలు అను ఇంగ్లీషు మాటలనుండి కూర్చిన పేరు అది. దానిని పుచ్చుకొన్నవారు తాము చేసిన మెరుగులను తిరిగి తనకు పంపవలెనని స్టాల్‌మన్ కోరెడివాడు. ఈ విధముగ అనుబంధముల నిర్వహణకు తొలి ఉపాయము ఒక మనుష్యుడే అయినాడు. అందరివియు ఒకని వద్దకు వచ్చును. అతడు ఏరి, కూర్చి, అందరికిని పంచును. ఊరు చిన్నదిగ నున్నంతకాలము ఈ పద్ధతి చక్కగనే సాగును.

1985లో స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్‌ను లోకమునకు అందించినాడు. అప్పటికి మాక్రోలకు బదులు లిస్ప్ అను భాషలో అనుబంధములు వ్రాయు ఏర్పాటు వచ్చినది. రోమను లిపిలో కొట్టిన మాటను తెలుగు అక్షరములుగ మార్చు పద్ధతి నేడు దీనిలోనే ఇమిడియున్నది. దానికి వేరు అనుబంధము కూడ అక్కరలేదు. ఇతర సౌకర్యముల సంగతి అట్లు కాదు. రెండు దశాబ్దములకు పైగా వాడుకరులు ఎవరో వ్రాసిన ఫైలును తెచ్చుకొని, తమ అరలో ఉంచి, దాని పేరును తమ ఏర్పాట్ల ఫైలులో చేతితో వ్రాసికొనెడివారు. 2007లో టామ్ ట్రోమీ ఒక అనుబంధ భాండాగారమును, దానినుండి తెచ్చి అమర్చు సాధనమును సిద్ధపరచినాడు. అది ఈమాక్స్‌లో అంతర్భాగమగుటకు 2012 వరకు, అనగా 24వ కూర్పు వరకు, పట్టినది.

ఇక రెండవ వంశము. 1976లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ వీఐ అను ఎడిటరును వ్రాసినాడు. నిదానముగ నడచు టెలిఫోను తీగలపై పని సాగవలెను గనుక దాని ఆజ్ఞలన్నియు పొదుపైనవి. దానికి అనుకరణగా వచ్చిన స్టీవీ అను ప్రోగ్రామును ఆధారము చేసికొని, డచ్చి దేశీయుడైన బ్రామ్ మూలెనార్ తన అమీగా కంప్యూటరు కొరకు విమ్ అను ఎడిటరును తయారుచేసి 1991లో విడుదల చేసినాడు. వీఐకి అనుకరణ అని మొదట దాని పేరునకు అర్థము. తరువాత వీఐకి మెరుగు అని మార్చినారు. ఆయన దీనికి ధర పెట్టలేదు. నచ్చినవారు ఉగాండాలోని కిబాలె ప్రాంతపు అనాథ బాలలకు చేతనైనది పంపుడని కోరినాడు. 1994లో ఆయన స్వయముగ అచ్చట ఒక యేడాది నీటి సరఫరా, పారిశుధ్య పనులలో పాల్గొన్నవాడు.

1998 నాటి 5వ కూర్పుతో విమ్‌కు సొంత లిపిభాష, అనగా ఆజ్ఞలు వ్రాయు చిన్న భాష, అలవడినది. 2001లో వచ్చిన 6వ కూర్పు ఒక ద్వారము తెరచినది. ప్లగిన్ అను పేరుగల ఫోల్డరులో ఒక ఫైలును వేసినంతనే, ఎడిటరు తెరచినప్పుడెల్ల అది దానంతటదే పనికి వచ్చును. ఫోల్డరు అనగా కాగితముల అర వంటిదని తలపుడు. ఎంత సుళువు! వాడుకరులు వందలకొలది అనుబంధములు వ్రాసి విమ్ సంఘపు భాండాగారమునకు పంపినారు.

చిక్కు అక్కడనే మొదలయినది. ఒక పెద్ద అనుబంధములో ఒక్క ఫైలు కాదు, పది యుండును. ఆజ్ఞల ఫైలు ప్లగిన్ అరలోనికి, రంగుల ఫైలు వేరొక అరలోనికి, సహాయపాఠము మరియొక అరలోనికి పోవలెను. పది అనుబంధములు తెచ్చుకొన్న యింట నూరు ఫైళ్లు నాలుగైదు అరలలో కలగాపులగముగ చేరును. ఉమ్మడి కుటుంబము వంటయింటిలో పాత్రలపై పేర్లు కొట్టించుట మన పెద్దల అలవాటు. ఇచ్చట ఆ పేర్లు కూడ లేవు. ఒక యేడాది తరువాత ఒకదానిని తీసివేయదలచినచో ఏ ఫైళ్లు దానివో చెప్పువారు లేరు. 2006లో 7వ కూర్పుతోపాటు వచ్చిన విమ్‌బాల్ అను ఏర్పాటు, తాను ఏ ఫైలును ఎచ్చట ఉంచినదో ఒక చిట్టా వ్రాసి, అడిగినప్పుడు ఆ చిట్టా ప్రకారము తీసివేసెడిది. ఆలోచన మంచిదే. కాని విమ్‌బాలుగా మూటగట్టి పంపినవానికే అది వర్తించెను, తక్కినవి యథాపూర్వము.

2008లో టిమ్ పోప్ పాథోజెన్ అను చిన్న ప్రోగ్రామును ప్రకటించినాడు. ఆ మాటకు రోగకారకమని అర్థము. చేసినది మాత్రము చికిత్స. తనకు కావలసిన ఫైళ్ల కొరకు ఏయే అరలను వెదకవలెనో తెలుపు ఒక జాబితా విమ్ వద్ద మొదటినుండియు కలదు. పోప్ ఒక్కొక్క అనుబంధమునకు ఒక్కొక్క ప్రత్యేకమైన ఫోల్డరు కేటాయించి, ఆ ఫోల్డర్ల పేర్లన్నిటిని ఆ జాబితాకు చేర్చినాడు. చేసినది ఇంతే. అయినను, అప్పటినుండి ఒక అనుబంధమును తీసివేయుట యనగా దాని ఫోల్డరును పారవేయుట. మొత్తము చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. కొత్త యంత్రమేదియు కనిపెట్టకయే, ఎన్నడో ఉన్న జాబితాను వేరొక చూపుతో చూచి చిక్కును విడదీసినాడు.

ఆ తరువాతివి త్వరత్వరగా వచ్చినవి. 2010 ప్రాంతమున వండిల్ అను సాధనము, కావలసిన అనుబంధముల పేర్లను ఏర్పాట్ల ఫైలులో వరుసగ వ్రాసికొను పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది. జాబితాలో ఉన్నదానిని అది తెచ్చి అమర్చును. శుభ్రపరచుమని ఆజ్ఞాపించినచో జాబితాలో లేనిదానిని తొలగించును. 2013లో జునెగున్ చోయ్ విమ్ ప్లగ్ అను దానిని వ్రాసినాడు. ఇది అనేక అనుబంధములను ఏకకాలమున తెచ్చును. అంతకంటె ముఖ్యముగ, కొత్త కూర్పులు తెచ్చిన తరువాత ఒక్కొక్కదానిలో ఏమి మారినదో చూపి, మనకు నచ్చనిదానిని ఒక్క మీటతో వెనుకటి స్థితికి మరల్చును. తుదకు 2016 సెప్టెంబరులో 8వ కూర్పుతో విమ్ తానే ప్యాక్ అను అరను ఏర్పరచినది. దానిలో రెండు భాగములు: తెరచినప్పుడెల్ల నడువవలసినవి ఒక భాగమున, పిలిచినప్పుడు మాత్రము రావలసినవి రెండవదానియందు. ఊరినుండి సరకు తెచ్చు పని అది చేయదు. తెచ్చినదానిని ఉంచుటకు చోటు చూపును. ఇది లోపమని కొందరందురు. నాకు అట్లు తోచదు. దాని కారణము నా అనుభవమే.

రెండేండ్ల క్రిందట ఒక రాత్రి, మరునాటి ప్రసంగపాఠము సగములో నుండగా, నా ఎడిటరులోని అనుబంధములన్నిటికి ఒక్క ఆజ్ఞతో కొత్త కూర్పులు తెప్పించితిని. తెల్లవారి తెరచునప్పటికి తెర నిండ ఎర్రని దోషవాక్యములు! పాఠము భద్రముగనే యున్నది గాని ఒక్క పంక్తి కూర్చుటకు వీలు లేకపోయినది. స్టూడియోకు పోవలసిన సమయము దగ్గరపడుచున్నది. నా వద్ద 32 అనుబంధములుండెను. సగము పక్కన పెట్టి చూచితిని, దోషము పోలేదు. మిగిలిన పదునారింటిలో సగము పక్కన పెట్టితిని. ఇట్లు అయిదు పర్యాయములలో దోషి దొరికినది. దాని కొత్త కూర్పునకు, నా వద్ద నున్నదానికంటె కొత్త ఎడిటరు కావలెనట. చేసినవానిని నిందించుటకు లేదు. ఉచితముగ, తీరికవేళలలో చేసిన పని. కాని వెదకునప్పుడు తెలిసినదేమన, ఆ 32లో 11 అనుబంధములు ఎందుకు తెచ్చుకొన్నానో నాకే జ్ఞప్తి లేదు. తాతగారి తీగలు! ఆ వారమే వానిని తొమ్మిదింటికి తగ్గించితిని.

ఇంతకంటె గంభీరమైన సంగతి ఒకటి కలదు. విమ్‌లో గాని, ఈమాక్స్‌లో గాని అనుబంధమునకు వాడుకరికి గల అధికారమంతయు ఉండును. అది మన ఫైళ్లను చదువగలదు, చెరుపగలదు, దూరపు కంప్యూటరుకు పంపగలదు. తెచ్చుకొనునాడు చేసినవాడు సజ్జనుడే కావచ్చును; రేపు అతడు అలసి, ఆ పనిని వేరొకరికి అప్పగించినచో, మన యింటి తాళముచెవి మనకు చెప్పకయే చేతులు మారినట్లగును. అందుచే జాగ్రత్త గలవారు పేరును మాత్రమే గాక, ఏ కూర్పు కావలెనో కూడ నిర్ణయించి వ్రాసికొందురు. గిట్ అను భాండార పద్ధతిలో ప్రతి కూర్పునకు సాధారణముగ 40 అక్షరముల గుర్తు ఉండును. దానిని వ్రాసియుంచినచో, తాము మార్చువరకు అది మారదు. 2015లో మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించిన వీఎస్ కోడ్ అను ఎడిటరులో అంగడి తెరలోపలనే యుండి, ఒక్క నొక్కుతో అనుబంధము వచ్చి చేరును. కోట్లమంది సౌకర్యమునకు అది తోడ్పడినది. అంత సులభముగ చేరునప్పుడు, ఎవరిని లోనికి పిలుచుచున్నామో చూచుట మరింత అవసరము.

అంగడియే మూతపడినచో? అదియు జరిగినది. గిట్‌హబ్ సంస్థ 2014లో వెలువరించిన ఆటమ్ అను ఎడిటరును ఎందరో ప్రీతితో వాడి, దానికి వేలకొలది అనుబంధములు వ్రాసినారు. 2022 డిసెంబరు 15న సంస్థ దానిని విరమించినది. అనుబంధములను తెచ్చిపెట్టు సేవయు ఆగినది. కొందరు స్వచ్ఛందముగ పూనుకొని పల్సార్ అను పేర దాని సంతతిని నిలిపినారు. తక్కినవారు వేరు ఎడిటర్లకు తరలిపోయి, తమ ఏర్పాట్లను మొదటినుండి చేసికొనవలసి వచ్చినది.

విమ్ ఏ సంస్థకును చెందినది కాదు. మూడు దశాబ్దములకు పైగా ఒక్క మనుష్యుని తీర్పుపై నడచినది. ఏ మార్పు లోనికి రావలెనో మూలెనారే నిర్ణయించెడివాడు. ఆ పద్ధతి మందగమనమని తలచినవారు 2014లో నియోవిమ్ అను శాఖను వేరుచేసి, లువా భాషలో అనుబంధములు వ్రాయు మార్గమును విస్తరించినారు. 2023 ఆగస్టు 3న మూలెనార్ 62వ యేట మరణించినాడు. ఆయన అనుబంధముల కొరకు ఏర్పరచిన అరలు, వెదకు జాబితా, సహాయపాఠములు అన్నియు ఎక్కడివక్కడనే యుండినవి. ఏండ్లుగా ఆయనకు తోడ్పడినవారు కొందరు కలిసి బాధ్యత వహించినారు. 2024 జనవరిలో 9.1 కూర్పును వెలువరించి, దానిని ఆయనకు అంకితము చేసినారు.