సెల్ సిగ్నల్ లేని ప్రాంతాలలో దారి గుర్తింపు

సెల్ సిగ్నల్ లేని ప్రాంతాలలో దారి గుర్తింపు అనగా టవర్ల ప్రసారం అందని కొండలు, అడవులు, మంచు మైదానాలు, సముద్రం వంటి చోట్ల బృందంగా ప్రయాణించేవారు తామున్న స్థానాన్ని, పోవలసిన దిశను, తోటివారి జాడను తెలుసుకొనే పద్ధతుల సముదాయం. కెనడా, అమెరికా మంచు ప్రాంతాలలో స్నోమొబైల్ అనే మంచు బండ్లపై తిరిగేవారికి ఇది నిత్యావసరమైన విద్య. ఆంధ్ర దేశంలో మంచు మైదానాలు లేకపోయినను, చిత్తూరు, తిరుపతి జిల్లాల కొండలలో నడిచేవారికి, నల్లమలలో తిరిగేవారికి, బంగాళాఖాతంలో వేటకు పోయే మత్స్యకారులకు ఇదే సమస్య ఎదురవుతుంది.

ఈ విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మొదటిది "నేను ఎక్కడ ఉన్నాను?" అనేది. రెండవది "నేను ఎక్కడ ఉన్నానో ఇతరులకు ఎలా తెలుస్తుంది?" అనేది. మొదటి దానికి సంకేతాలను అందుకొనే పరికరం ఉంటే చాలును. రెండవ దానికి సంకేతాలను పంపగల పరికరం కావాలి. చేతిలోని ఫోనులో జీపీఎస్ ఉన్నది కనుక తాము ఎక్కడున్నదీ ఎవరైనా కనిపెట్టగలరని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహాలు సంకేతాలను ప్రసారం చేస్తాయే గాని, వాటిని ఎవరు అందుకొంటున్నారో వాటికి తెలియదు.

కార్వేటినగరం పరిసరాలు

కార్వేటినగరం పుత్తూరుకు పడమరగా నగరి కొండల ప్రాంతంలో ఉన్నది. ఈ చుట్టుపక్కల కైలాసకోన, సదాశివకోన, నాగలాపురం కొండలు, మరికొంత దూరంలో శేషాచల అడవులు, తలకోన కలవు. కోన అనగా రెండు కొండల నడుమ ఇరుకైన లోయ. జలపాతాలకు, నీటి గుండాలకు ఈ కోనలే నెలవు కాబట్టి సందర్శకులు ఎక్కువగా వీటిలోనికే వెళ్తారు. అయితే ఇరుపక్కల నిలువుగా లేచిన రాతి గోడలు టవరు ప్రసారాన్ని అడ్డగిస్తాయి. అందువల్ల పల్లెకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న కోనలో కూడా ఫోను పనిచేయకపోవచ్చును. అదే ఫోను కొండ గట్టు మీదికి ఎక్కినప్పుడు పనిచేయడం సాధారణం.

పూర్వపు పద్ధతులు

నగరి కొండల కొనలో ముక్కు ఆకారంలో ముందుకు పొడుచుకొని వచ్చిన శిఖరాన్ని ఆంగ్లేయుల కాలం నుండి నగరి ముక్కు అంటారు. సుమారు 850 మీటర్ల ఎత్తు గల ఈ శిఖరం కోరమాండల్ తీరం వెంబడి పోయే నావికులకు సముద్రం మీది నుండి కనబడే ఆనవాలుగా ఉండేది. దూరం నుండి స్పష్టంగా గుర్తించదగిన ఒక స్థిరమైన ఆనవాలును ఎన్నుకొని, దానినిబట్టి తమ దిశను నిర్ణయించుకోవడం దారి గుర్తింపులో మొదటి సూత్రం. మేకల కాపరులు, కట్టెలకు పోయేవారు నేటికీ ఇదే పద్ధతిని అనుసరిస్తారు. దారి చీలే చోట రాళ్ళు పేర్చడం, కొమ్మ విరిచి వేలాడదీయడం కూడా పాత అలవాట్లే.

రాత్రివేళ ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కును చూపుతుంది. ఒక ప్రదేశపు అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు అంత ఎత్తులో కనబడుతుంది. కార్వేటినగరం అక్షాంశం 13 డిగ్రీలకు పైగా ఉన్నందున ఇక్కడ ఆ నక్షత్రం చాలా కిందుగా ఉండి, కోనలో ఉన్నవారికి కొండ చాటున మరుగవుతుంది. ఇట్టి చోట మృగవ్యాధ మండలంలోని మూడు నక్షత్రాల వరుస ఎక్కువగా ఉపయోగపడుతుంది. అది దాదాపు సరిగ్గా తూర్పున ఉదయించి పడమర అస్తమిస్తుంది.

పటము, దిక్సూచి

భారత సర్వేక్షణ శాఖ ప్రచురించే 1:50,000 ప్రమాణపు పటాలలో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరుకు సమానం. సమోన్నత రేఖలు దగ్గరగా ఉంటే నిటారు వాలు అనీ, దూరంగా ఉంటే మెల్లని వాలు అనీ గ్రహించాలి. పాత సంఖ్యా పద్ధతిలో 13-14 డిగ్రీల ఉత్తర అక్షాంశాలు, 79-80 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ప్రాంతం 57 ఓ అనే పటంలోనికి వస్తుంది. దీనిని 15 నిమిషాల చొప్పున 16 భాగాలు చేస్తారు. కార్వేటినగరం వీటిలో ఒకదానిలో ఉన్నది.

దిక్సూచి చూపే ఉత్తరానికి, నిజమైన ఉత్తరానికి ఈ ప్రాంతంలో ఉన్న తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. కాబట్టి సామాన్య నడకకు సవరణ అవసరం లేదు. కెనడా ఉత్తర ప్రాంతాలలో ఈ తేడా చాలా ఎక్కువగా ఉండి, సవరించకపోతే దారి పూర్తిగా తప్పుతుంది. దిక్సూచికి బ్యాటరీ అక్కరలేదు. ఇనుప వస్తువులకు, ఫోనుకు దూరంగా పట్టుకొంటే చాలును.

ఉపగ్రహ మార్గనిర్దేశం

అమెరికాకు చెందిన జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఈ వ్యవస్థ 1995లో పూర్తి స్థాయికి చేరింది. సామాన్యులకు అందే సంకేతంలో ఉద్దేశపూర్వకంగా కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే నెలలో తొలగించారు. అప్పటి నుండి అది నడకదారులకు సైతం పనికివచ్చేంత కచ్చితమయ్యింది. స్థానాన్ని, ఎత్తును, సమయాన్ని లెక్కించుటకు కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అవసరం. రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ వ్యవస్థల సంకేతాలను కూడా నేటి ఫోన్లు చాలావరకు అందుకొంటాయి.

భారత దేశపు నావిక్ వ్యవస్థకు ఈ ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉన్నది. దాని తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ శ్రీహరికోట నుండి 2013 జూలై 1న ప్రయోగింపబడింది. ఏడు ఉపగ్రహాల వరుస 2016 ఏప్రిల్ 28న పూర్తయి, అప్పుడే నావిక్ అన్న పేరు వచ్చింది. తరువాత కొన్ని ఉపగ్రహాలలోని అణు గడియారాలు చెడిపోవుటచే కొత్తవి పంపవలసి వచ్చింది. 2023 మే 29న ఎన్‌వీఎస్-01 కక్ష్యకు చేరింది. 2025 జనవరి 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-02 నిర్దేశిత కక్ష్యకు చేరలేదు.

సెల్ సిగ్నల్ లేకపోయినను ఫోనులోని జీపీఎస్ పనిచేస్తుంది. అయితే ఉపగ్రహాల వివరాలు టవరు ద్వారా అందవు కాబట్టి మొదటిసారి స్థానం తెలియుటకు ఆలస్యమవుతుంది. ఉపగ్రహం నుండే తన కక్ష్య వివరాలు అందుటకు సుమారు 30 సెకన్లు, మొత్తం ఉపగ్రహాల పట్టిక అందుటకు 12.5 నిమిషాలు పడుతుంది. కాబట్టి బయలుదేరే చోట, ఆకాశం తెరపిగా ఉన్నప్పుడే స్థానాన్ని చూసుకోవడం మంచిది. కోనలలో రాతి గోడల మీద పడి తిరిగి వచ్చే సంకేతాల వల్ల చూపే స్థానం పదుల మీటర్లు తప్పవచ్చును. పటాలను ముందుగానే ఫోనులో దింపుకోవాలి. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా పనిచేసే ఉచిత అనువర్తనాలు ఇందుకు అనువైనవి. సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం వెదకుతూ బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తుంది. విమాన ప్రయాణపు అమరికలో ఉంచితే, సాధారణంగా జీపీఎస్ పనిచేస్తూనే బ్యాటరీ నిలుస్తుంది.

స్థానాన్ని చెప్పడంలో పొరపాట్లు

అక్షాంశ రేఖాంశాలను రెండు విధాలుగా రాస్తారు. కార్వేటినగరం స్థానం దశాంశ పద్ధతిలో సుమారు 13.42 ఉత్తరం, 79.45 తూర్పు. దీనినే డిగ్రీలు, నిమిషాలలో 13 డిగ్రీల 25 నిమిషాలు, 79 డిగ్రీల 27 నిమిషాలు అని రాస్తారు. దశాంశ సంఖ్యను విన్నవారు 13 డిగ్రీల 42 నిమిషాలు, 79 డిగ్రీల 45 నిమిషాలు అని రాసుకొన్నచో వెదకేవారు ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని చోటుకు పోతారు. అందువల్ల స్థానాన్ని చెప్పేటప్పుడు "దశాంశం" అనో, "డిగ్రీలు, నిమిషాలు" అనో విడిగా చెప్పి, సమీపంలోని ఊరి పేరు, వాగు పేరు కూడా చేర్చాలి.

బృంద సభ్యుల జాడ

టవర్లు లేని చోట సభ్యులు ఒకరి జాడ మరొకరు తెలుసుకొనుటకు ముఖ్యమైన సాధనం రేడియో. భారత దేశంలో 446.0-446.2 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో తక్కువ శక్తితో పనిచేసే వాకీటాకీలకు 2018 నాటి నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. పరికరం మాత్రం ఆమోదం పొందినదై ఉండాలి. ఇట్టి రేడియో తరంగాలు ప్రధానంగా చూపు మేరలో పోతాయి. శిఖరం నుండి శిఖరానికి చాలా దూరం వినబడిన మాట, ఒక మలుపు అవతల ఉన్న కోనలోనికి వినబడకపోవచ్చును.

స్నోమొబైల్ బృందాలు వాడే కొన్ని చేతి రేడియోలు మాటతో పాటు జీపీఎస్ స్థానాన్ని కూడా పంపుతాయి. అప్పుడు ప్రతి సభ్యుని తెరపై మిగిలినవారు చుక్కలుగా కనబడతారు. ఇదే పనిని లోరా అనే తక్కువ శక్తి రేడియో పద్ధతితోనూ చేయవచ్చును. భారత దేశంలో ఇందుకు 865-868 మెగాహెర్ట్‌జ్ పట్టీ ఉన్నది. మెష్‌టాస్టిక్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ప్రతి పరికరం తనకు అందిన సందేశాన్ని తిరిగి ప్రసారం చేస్తుంది. అందువల్ల వరుసలో ముందున్నవారి సందేశం మధ్యనున్నవారి ద్వారా వెనుకవారికి చేరుతుంది. బృందం నిడివిగా సాగినప్పుడు ఈ గొలుసు ఉపయోగపడుతుంది. మధ్యవారు మలుపు తిరిగి మరుగైతే గొలుసు తెగుతుంది.

మంచు చరియల కింద చిక్కినవారిని కనుగొనుటకు వాడే పరికరాలు ప్రపంచమంతటా 457 కిలోహెర్ట్‌జ్ వద్ద పనిచేస్తాయి. వాటి పరిధి కొన్ని పదుల మీటర్లు మాత్రమే. అవి దారి చూపే సాధనాలు కావు. పక్కనున్న తోటివారే వెంటనే వెదికి బయటకు తీయుటకు ఉద్దేశించినవి.

ఆపద సంకేతాలు

ఎక్కడి నుండైనను ఆపదను తెలుపుటకు 406 మెగాహెర్ట్‌జ్‌పై పనిచేసే కోస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ కలదు. భారత దేశంలో దీని నియంత్రణ కేంద్రం బెంగళూరులో ఉన్నది. మత్స్యకారుల కొరకు ఇస్రో రూపొందించిన ఆపద సంకేత ప్రసారిణి 2010 నుండి వాడుకలో ఉన్నది. 2024లో వచ్చిన రెండవ తరం పరికరం ద్వారా "మీ సంకేతం అందినది" అన్న జవాబు కూడా పడవకు చేరుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2019లో ప్రవేశపెట్టిన జెమిని పరికరం తుఫాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల వివరాలను పడవకు చేరవేస్తుంది. అది అందుకొనే పరికరమే గాని పంపే పరికరం కాదు.

శాటిలైట్ ఫోన్లను, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలను అనుమతి లేకుండా భారత దేశంలో వాడడం, వెంట ఉంచుకోవడం నేరం. విదేశాలలో స్వేచ్ఛగా దొరికే వీటిని వెంట తెచ్చుకొన్న ప్రయాణికులు విమానాశ్రయాలలో చిక్కులలో పడిన సందర్భాలున్నాయి. విదేశాల నుండి వచ్చే తెలుగువారు ఈ విషయం గమనించాలి.

2009 నల్లమల దుర్ఘటన

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి హైదరాబాదు నుండి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బయలుదేరిన హెలికాప్టరుతో ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. వాతావరణం బాగులేదు. వైమానిక దళ విమానాలు, ఇస్రో ఉపగ్రహ చిత్రాలు, పోలీసు బలగాలు, అడవి ఎరిగిన స్థానికులు గాలింపులో పాల్గొన్నారు. మరునాడు ఉదయం నల్లమలలోని పావురాలగుట్టపై శకలాలు కనబడ్డాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు. ఒక ముఖ్యమంత్రి కొరకు రాష్ట్ర, కేంద్ర యంత్రాంగమంతా కదిలినప్పటికీ ఆచూకీ తెలియుటకు దాదాపు ఒక రోజు పట్టింది. ఆఖరుగా తెలిసిన స్థానం, నిర్ణయించిన దారి అనే రెండు వివరాలు ఏ గాలింపుకైనను ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

బృందం పాటించవలసిన నియమాలు

పరికరాలు విఫలమైనను పనికివచ్చే నియమాలు కొన్ని కలవు.
* పోయే దారి, సభ్యుల సంఖ్య, తిరిగి వచ్చే వేళ రాసి ఊరిలో బాధ్యత గల వ్యక్తికి ఇవ్వాలి. ఆ వేళ దాటిన ఎంత సేపటికి ఎవరికి తెలపాలో కూడా రాయాలి.
* దారి ఎరిగినవారు ముందు, అనుభవం గలవారు చివర నడవాలి. చివరివారిని దాటి ఎవరూ వెనుకబడరాదు.
* దారి చీలే ప్రతి చోట ఆగి తలలు లెక్కించాలి. వెనుకవారు కనబడే వరకు ముందువారు కదలరాదు.
* గమ్యం చేరినా చేరకపోయినా వెనుదిరుగవలసిన వేళను ముందే నిర్ణయించుకోవాలి.
* తప్పిపోయినట్లు తెలిసిన వెంటనే నిలిచిపోవాలి. నడిచినకొద్దీ వెదకవలసిన ప్రదేశం పెరుగుతుంది.
* ప్రతి ఒక్కరి వద్ద ఈల ఉండాలి. పర్వతారోహకుల ఆపద సంకేతం నిమిషంలో ఆరు ఈలలు, ఒక నిమిషం విరామం. దానికి జవాబు నిమిషంలో మూడు ఈలలు.
* తమ కంపెనీ సిగ్నల్ లేకపోయినను మరొక కంపెనీ టవరు అందే చోట 112కు పిలుపు పోతుంది. మాట అందని బలహీన సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఉన్నది.

తిరుమల కొండలలో పుష్య పౌర్ణమికి జరిగే రామకృష్ణ తీర్థ ముక్కోటికి, ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తుంబురు తీర్థ ముక్కోటికి భక్తులు అడవిదారిన నడిచి వెళ్తారు. ఆ దినాలలో దేవస్థానం వారు అటవీ, పోలీసు శాఖలతో కలసి దారి పొడవునా ఏర్పాట్లు చేస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో ఒక బాలిక మరణించిన పిమ్మట భక్తులను గుంపులుగా పంపే ఏర్పాటు చేశారు. మనుషులు ఒకరినొకరు కనిపెట్టుకొని నడవడమే ఈ రెండింటికీ మూలసూత్రం.

అటవీ నిబంధనలు

1967 నాటి ఆంధ్ర ప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. ఎర్రచందనం అక్రమ రవాణా కారణంగా శేషాచలం ప్రాంతంలో నిఘా ఎక్కువ. అనుమతి పొందిన బృందం పేర్లు, సంఖ్య అటవీ శాఖ వద్ద నమోదై ఉంటాయి. అనుమతి లేకుండా పోయినవారు తప్పిపోతే, వారు అడవిలో ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియదు.