మూర్ఛే మందైన కథ

‘కరెంటు షాకు’ అన్న మాట వినగానే మన కుటుంబాలలో భయం పుడుతుంది. సినిమాలు దానిని శిక్షగా చూపడం అందుకొక కారణం. అయితే ఈ చికిత్సకు మూలం విద్యుత్తు కాదు. మెదడులోని సహాయక కణాలను గురించి ఒక వైద్యునికి కలిగిన ఊహ.

మన మెదడులో నాడీకణాలకు ఆసరాగా నిలిచి, పోషణ అందించి, వ్యర్థాలను తొలగించే కణాలున్నాయి. వాటిని గ్లియా అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు జిగురు అని అర్థం. బుడాపెస్టు నగరంలో లాడిస్లాస్ మెడునా అనే వైద్యుడు మరణించిన రోగుల మెదళ్లను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. మూర్ఛరోగులలో ఈ కణాలు మిక్కిలిగా పెరిగినట్లూ, స్కిజోఫ్రెనియా రోగులలో కొరవడినట్లూ ఆయనకు తోచింది. అలాగైతే మూర్ఛ తెప్పిస్తే ఆ మనోవ్యాధి తగ్గదా అని తర్కించాడు. 1934 జనవరిలో నూనెలో కరిగించిన కర్పూరాన్ని సూదిమందుగా ఇచ్చి చూశాడు. తరువాత కార్డియజోల్ వాడాడు. మూర్ఛ వచ్చేలోగా రోగులు అనుభవించే భయం ఆ మందుకున్న పెద్ద లోపం. 1938 ఏప్రిల్‌లో రోము నగరంలో ఉగో చెర్లెట్టీ, లూచియో బీనీ విద్యుత్తుతో మూర్ఛ కలిగించారు.

మెడునా సిద్ధాంతం నిలవలేదు. ఆ రెండు వ్యాధులకూ సహజవైరం లేదని తేలింది. చికిత్స మాత్రం నిలిచింది. తీవ్రమైన కుంగుబాటుకు, కదలిక, మాట, ఆహారం మానివేసే కాటటోనియాకు నేటికీ అది ఎంతో ఉపకరిస్తున్నది.

విచిత్రమేమంటే, గ్లియా మళ్లీ చర్చకు వచ్చింది. వంశపారంపర్యంగా మనోవ్యాకులత గల కొందరి మెదడు ముందుభాగంలో ఈ కణాలు తగ్గినట్లు 1998లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. 2003, 2004 సంవత్సరాలలో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎలుకలకు విద్యుత్ మూర్ఛ కలిగించగా, హిప్పోకాంపస్, అమిగ్డలా భాగాలలో ఒక రకం గ్లియా కణాలు కొత్తగా పుట్టాయి. అయితే ఎలుకలో కనిపించిన ఈ మార్పే మనిషి స్వస్థతకు కారణమని రుజువు కాలేదు. మెడునా నేర్పిన పాఠం అదే: అందమైన ఊహ రుజువు కాదు.

తొలినాళ్లలో కండరాలను సడలించే మందు లేకుండా ఇచ్చినందున ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి. నేడు మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స చేయరాదని మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శాసించింది. జ్ఞాపకశక్తికి కొంత ఇబ్బంది మాత్రం నేటికీ కలుగవచ్చు. మీ ఇంటివారికి ఈ చికిత్స సూచించినప్పుడు సినిమాను తలచుకొని తిరస్కరించకండి. మారుమాటాడక అంగీకరించనూ వద్దు. మత్తు గురించి, మతిమరుపు గురించి, ఇతర మార్గాల గురించి వైద్యుని అడగండి. అడగడం మీ హక్కు.