ఫిరంగి పేలకుండానే పడిపోయిన నగరం

పాత గోవాలో మాండోవి రేవు నుంచి పైకి నడిస్తే మొదట ఎదురయ్యేది వైస్రాయి తోరణం. వాస్కో డ గామా మునిమనవడు ఫ్రాన్సిస్కో డ గామా తాను వైస్రాయిగా ఉన్నప్పుడు ముత్తాత పేరు నిలవాలని కట్టించాడు. లిస్బన్ నుంచి వచ్చిన ప్రతి కొత్త పాలకుడూ దీని కిందుగానే ఊరేగింపుగా నగరంలో అడుగుపెట్టేవాడు. ఆ తోరణమూ కూలింది. ఇప్పుడున్నది 1954లో తిరిగి కట్టినది. అది దాటితే రావలసిన నగరం మాత్రం రాదు. కొబ్బరిచెట్లు, పచ్చిక, వాటి నడుమ చర్చీలు!

1510లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ ఈ రేవును బీజాపూరు ఆదిల్‌షాహీల నుంచి గెలుచుకున్నాడు. 1530 నాటికి తూర్పుదేశాల్లోని పోర్చుగీసు రాజ్యానికంతటికీ ఇదే రాజధాని. ఓడల్లో దిగిన అరబ్బు గుర్రాలు ఇక్కడి నుంచే విజయనగరానికి వెళ్ళేవి. గోవా చూసినవాడు లిస్బన్ చూడనక్కర్లేదని గొప్పగా చెప్పుకునేవారు. 1565లో రాక్షసతంగడి యుద్ధంతో ఆ గుర్రాలు కొనే రాయలు లేకుండా పోయారు. తర్వాత డచ్చివారి ఓడలు వచ్చి నది ముఖద్వారం దగ్గర కాపు కాశాయి. బేరం సన్నగిల్లింది.

అయినా ఊరిని అసలు చంపింది నీళ్ళు. ఇక్కడి ఎర్రని లేటరైట్ రాయి నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. సరైన మురుగుకాల్వలు లేని ఊళ్ళో మురికి ఆ రాతిలోంచి జారి తాగునీటి బావుల్లోకి దిగింది. 1543లోనే కలరా వచ్చింది. ఆపై తరం తరానికీ రోగాలే. కలవారు ముందు కదిలారు. 1695లో వైస్రాయి ఊరి బయట పనేలింకు తరలాడు. 1759లో నివాసం పణజికి మారింది. 1843లో పణజి పేరుకు కూడా రాజధాని అయింది. ఇక్కడి మేడలు విప్పి, ఆ రాళ్ళతోనే అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు.

మిగిలినవి దేవుడి ఇళ్ళు. 1562లో మొదలైన సె కెథెడ్రల్‌కు రెండు గోపురాలుండేవి. 1776లో ఒకటి పోయింది, మళ్ళీ కట్టలేదు. ఒంటి గోపురంతోనే ఆ మహాలయం నేటికీ నిలిచి ఉంది. ఎదుటి బామ్ జీసస్ 1605 నాటిది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్నది అందులోనే. ఆ ఒక్క సమాధి కోసం ఏటా డిసెంబరు 3న జనం పోటెత్తుతారు. 1950లలో పైసున్నం ఒలిచేయడంతో ఆ చర్చి ఎర్రరాయి ప్రతి వర్షాకాలం నేరుగా తడుస్తోంది.

పవిత్ర కొండ మీది సెయింట్ అగస్టీన్ చర్చికి ఆ మాత్రం ఆయువు కూడా దక్కలేదు. దానిని కూల్చింది శత్రువు కాదు, లిస్బన్ నుంచి వచ్చిన ఉత్తర్వు. 1834లో పోర్చుగల్ సన్యాసి మఠాలన్నిటినీ రద్దు చేసింది. మరుసటి ఏడాది అగస్టీన్ సాధువులు వెళ్ళిపోయారు. చూసే దిక్కులేని కప్పు 1842లో కుంగిపోయింది. గంటను పణజి చర్చికి తీసుకెళ్ళారు. 1931లో ముఖభాగం, సగం గోపురం నేలకొరిగాయి. మిగిలిన గోడ మీద చిలుకలు వాలుతున్నాయి.

ఈ పతనాన్ని తలచి కన్నీరు పెట్టేముందు ఒక్క మాట. ఈ నగరం ఆదిల్‌షాహీల ఊరిని అణచి లేచింది. తానున్న దీవిలోని గుళ్ళను కూల్చింది. 1560 నుంచి, నడుమ కొద్ది ఏళ్ళు తప్పిస్తే, 1812 దాకా మతవిచారణ పేరిట మనుషుల్ని హింసించింది. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్నవారు ఇంట్లో పాత ఆచారం పాటించినా నేరమే అంది.

అదే నగరం జార్జియా రాణి కేతెవాన్ అస్థిని అగస్టీన్ మఠంలో పూజ్యంగా దాచింది. మతం మార్చుకోనన్నందుకు 1624లో షిరాజ్‌లో చంపబడిన రాణి ఆమె. శిథిలాల్లో దొరికిన ఎముక ఆమెదే కావచ్చని హైదరాబాదు సీసీఎంబీ డీఎన్ఏ పరీక్ష బలపరిచింది. 2021లో భారత ప్రభుత్వం దానిని జార్జియాకు అందించింది. మతం వదలనందుకు ప్రాణమిచ్చిన రాణిని మొక్కిన ఊరు, అదే పట్టుదల చూపిన తన ఇరుగుపొరుగును శిక్షించింది. గోపురం కూలడం కన్నా పెద్ద పతనం అది. కలవారు ఊరు వదలకముందే మొదలైంది.