తొమ్మిది మిల్లీమీటర్ల దారి

బొమ్మ రైలు కొనబోయేవారి చూపు ముందు ఇంజను మీద పడుతుంది. ఆ బొమ్మను పెద్ద వ్యాపారంగా నిలబెట్టింది మాత్రం పట్టా. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో మెర్క్లిన్ సంస్థ కీ ఇచ్చి నడిపే రైలును ఎనిమిది అంకెలా పరిచిన పట్టాల మీద తిప్పి చూపించింది. గేజిలకు, అంటే రెండు పట్టాల నడుమ దూరాలకు, అంకెలు పెట్టి, పట్టాలను విడి ముక్కలుగా అమ్మకానికి పెట్టింది. ఈ ఏడు ఇంజను కొనిచ్చిన తండ్రి, మరుసటి ఏడు రెండు వంపు ముక్కలూ దారిని చీల్చే ఒక పాయింటూ కొనక తప్పేది కాదు. ఒకసారి ఒక గేజిలోకి దిగిన ఇల్లు ఇక ఆ గేజి వదిలి పోదు. ఈ కిటుకు నేటికీ పనిచేస్తూనే ఉంది.

ఆ తర్వాతి కథంతా కుదింపు కథే. ఇళ్లు చిన్నవయ్యాయి, మోటార్లూ చిన్నవయ్యాయి. 32 మిల్లీమీటర్ల ‘ఓ’ గేజి చాలాకాలం రాజ్యమేలింది. 1935లో ట్రిక్స్, మెర్క్లిన్ దాన్ని సగానికి దించి 16.5 మిల్లీమీటర్లకు తెచ్చాయి. 1960ల మొదట్లో న్యూరెంబర్గ్‌కు చెందిన ఆర్నాల్డ్ సంస్థ రాపిడో పేరుతో 9 మిల్లీమీటర్ల రైలును బజారులో పెట్టింది. నిష్పత్తి 1:160. నేడు ఎన్ స్కేలు అంటున్నది దాన్నే. 1972లో మెర్క్లిన్ ఇంకా కిందికి దిగి 6.5 మిల్లీమీటర్ల జెడ్ స్కేలు తెచ్చింది. కానీ బల్లంత చోటులో రైల్వే కట్టుకోవాలనుకునేవారిలో ఎక్కువమంది ఆగేది ఎన్ దగ్గరే.

పట్టా లోహం కూడా మెల్లగా మారింది. మొదట్లో రేకును వంచి చేసిన బోలు పట్టా, చాలాసార్లు మధ్యలో కరెంటు కోసం మూడో పట్టా. తర్వాత ఇత్తడి. ఇత్తడికి చిలుము పడితే చక్రానికి కరెంటు అందదు, రుద్దితేగానీ రైలు కదలదు. చివరికి ఎక్కువమంది నికెల్ సిల్వర్‌కు వచ్చారు. పేరులోనే వెండి, ఉన్నదంతా రాగి, నికెల్, జింకు. మన ఇళ్లలో పూజ సామాను కోసం కొనే జర్మన్ సిల్వర్ అంటే ఈ లోహమే. పాత సామాను అమ్మేవారి దగ్గర ఇత్తడి పట్టా చవకగా వస్తే ముచ్చటపడి తీసుకోకండి.

అసలు తగవు పట్టా ఎత్తు దగ్గర. దాన్ని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన చెప్పి ‘కోడ్’ అంటారు. తొలి ఎన్ పట్టాలు కోడ్ 80, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. చూడటానికి ఎంత చిన్నదో! కానీ 160తో హెచ్చవేస్తే 325 మిల్లీమీటర్లు అవుతుంది. అడుగు దాటిన పట్టా లోకంలో ఏ రైల్వేలోనూ లేదు. మన రైల్వే వాడే, మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లే. అంత ఎత్తు పెట్టడానికి కారణం అందచందాలు తెలియకపోవడం కాదు. ఆనాటి చక్రాల అంచులు లోతైనవి. బల్ల మీద ఎగుడుదిగుడు అతుకుల్లో, బిగుసు మలుపుల్లో రైలు పడిపోకుండా అంత లోతు పెట్టారు. ఆ అంచు స్లీపరు మీది మేకులకు తగలకుండా ఉండాలంటే పట్టా ఎత్తు పెరగక తప్పలేదు. చక్రం పట్టాను శాసించింది.

ఈ పద్ధతి నచ్చనివారు మొదటినుంచీ ఉన్నారు. 1960లోనే బ్రిటన్‌లో ఏర్పడిన 2 ఎంఎం స్కేల్ అసోసియేషన్ వారు 9.42 మిల్లీమీటర్ల గేజి పెట్టుకుని, చక్రాలతో సహా తమవే చేసుకుని, కోడ్ 40 పట్టాను చేత్తో టంకం వేసి కట్టుకున్నారు. కోడ్ 40ని ఎన్ నిష్పత్తి అయిన 160తో హెచ్చవేస్తే 163 మిల్లీమీటర్లు. మన 52 కిలోల పట్టాకూ 60 కిలోల పట్టాకూ నడుమ సరిగ్గా కూర్చుంటుంది. ఆ ఓపికకు నమస్కారం పెట్టాలి, అందరికీ సాధ్యం కాదు.

దుకాణంలో దొరికే మధ్యేమార్గం కోడ్ 55. ఇక్కడే కొనేవారు తికమకపడతారు, ఎందుకంటే ఒకే అంకె కింద రెండు రకాల సరుకు ఉంది. ఇంగ్లండ్‌లోని డెవన్‌కు చెందిన పీకో చేసిన ఉపాయం తెలివైనది. పట్టా ఎత్తుగానే ఉంటుంది, కానీ కింది భాగం స్లీపర్లలో కూరుకుపోయి పైకి 55 మాత్రమే కనిపిస్తుంది. గట్టిది, పాత చక్రాలనూ మోస్తుంది. 2000 తర్వాత అమెరికాలో అట్లస్ తెచ్చినది నిజంగానే పొట్టి పట్టా. చూపుకు మేలైనదే గానీ, లోతు అంచుల పాత చక్రాలు దాని మేకుల మీద టకటకలాడతాయి. పెట్టె మీది అంకె చూసి కొంటే చాలదు. ముందు మీ రైలు చక్రం తిప్పి అంచు చూడండి.

జపాన్ మరో దారి పట్టింది. కాటో సంస్థ 1965లో ఆ దేశపు తొలి ఎన్ ఇంజను సి50ని తెచ్చింది. 1976లో మొదలైన టోమిక్స్, ఆ తర్వాత కాటో యూనిట్రాక్ పట్టాను కంకర ఆకారపు ప్లాస్టిక్ గట్టు మీదే బిగించి అమ్మాయి. ఇరుకు ఇంట్లో ఆదివారం పరిచి, సాయంత్రం తీసి పెట్టెలో సర్దుకోవచ్చు. పట్టా ఎత్తు పాత కోడ్ 80దే, కంకర ప్లాస్టిక్కే. అయినా అతుకు గట్టిగా కూర్చుంటుంది, కరెంటు తెగదు. శుద్ధవాదులు మొహం చిట్లించినా, ఎన్ స్కేలుకు జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం.

వంపుల సంగతి మరీ విడ్డూరం. ఆర్నాల్డ్ తొలి మలుపు వ్యాసార్ధం 192 మిల్లీమీటర్లు, కాటోలో బాగా వాడేది 249. అసలు కొలతకు తెస్తే రెండోది 40 మీటర్లు. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అత్యంత బిగుసు మలుపు 175 మీటర్లు, బల్ల మీద అది మీటరు పైచిలుకు. అంత బల్ల ఎవరింట్లో ఉంది? అందుకే పొడుగు పెట్టెలు మలుపులో బయటికి పొడుచుకొస్తాయి. గజం పొడవుండే వంచుకునే పట్టాతో విశాలమైన మలుపు వేసుకోవచ్చు, అతుకులూ తగ్గుతాయి. కానీ వంచినప్పుడు లోపలి పట్టా ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని సన్నని రంపంతో కోయాలి. అతుకు దగ్గర చిన్న కోణం మిగిలినా రైలు అక్కడే పడుతుంది. పాయింట్ల దగ్గర ప్లాస్టిక్ క్రాసింగుల మీద చిన్న షంటింగ్ ఇంజన్లు నిలిచిపోతాయి. లోహపు క్రాసింగ్ అయితే ఆగవు, వైరింగు మాత్రం తెలిసి చేయాలి.

మన రైళ్లు కట్టాలనుకునేవారికి ఇంకో చిక్కు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి 1:160లో దాదాపు 10.5 మిల్లీమీటర్లు కావాలి, దుకాణంలో ఉన్నది 9. ఈ సర్దుబాటు మనకొక్కరికే కాదు. జపాన్ వారు 1067 మిల్లీమీటర్ల సన్న దారి రైళ్లను 1:150లో చేసి ఇదే 9 మిల్లీమీటర్ల మీద నడుపుతున్నారు. బ్రిటన్ వారు 1:148 పెట్టుకుని తమ దారిని ఇరుకు చేసుకున్నారు. మన మీటర్‌గేజి మాత్రం జెడ్ పట్టా మీద చక్కగా కుదురుతుంది. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో ప్రామాణిక గేజి కనుక ఏ సర్దుబాటూ లేకుండా 9 మిల్లీమీటర్ల మీద నిలుస్తుంది.

మొదటి లేఅవుట్ కట్టేవారికి నా సలహా: గట్టుతో వచ్చే పట్టా ఒక వలయం, రెండు పాయింట్లు తీసుకోండి. మనకు ఈ సరుకు చాలావరకు దిగుమతే కాబట్టి ఒకే కంపెనీకి కట్టుబడి, అదనంగా నాలుగు ముక్కలు పక్కన పెట్టుకోండి. కోడ్ 55 జోలికి రెండో లేఅవుట్‌లో వెళ్లవచ్చు.