సూదికి ముందు జిగురు: కౌమారులు, హాని తగ్గింపు చరిత్ర

ఉపోద్ఘాతం:

మాదకద్రవ్యాల వాడకాన్ని వెంటనే మాన్పించలేనప్పుడు, దానివల్ల కలిగే రోగాన్ని, మరణాన్ని అయినా తగ్గించాలనే విధానమే 'హాని తగ్గింపు'. దీని చరిత్రను సాధారణంగా ఆమ్‌స్టర్‌డామ్‌లో 1984లో, లివర్‌పూల్‌లో 1986లో మొదలైన సూదుల మార్పిడి కేంద్రాలతో ఆరంభిస్తారు. ఆ చరిత్రకు కేంద్రం సూదిమందు వాడే వయోజనుడు. కౌమారుల చరిత్ర వేరని, అది అంతకుముందే మొదలైందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవిరి పీల్చిన పిల్లలు:

1970లో అమెరికా వైద్యుడు మిల్లార్డ్ బాస్, ద్రావకాల ఆవిరి పీల్చి హఠాత్తుగా మరణించిన 110 మంది యువతను గురించి ప్రచురించాడు. ప్లాస్టిక్ సంచి వల్ల ఊపిరాడక పోయినవారు కారు వీరు. ఆవిరి ప్రభావంలో ఉన్న గుండె పరుగుకో, భయానికో లయ తప్పి ఆగిపోవచ్చు. అంటే, పిల్లవాణ్ణి పట్టుకోవడానికి వెంటపడటమే అతని ప్రాణం తీయవచ్చు.

బ్రిటన్‌లో జిగురు పీల్చే అలవాటు వ్యాపించినప్పుడు, పీల్చవద్దని చెప్పడంతో ఆగక, పీల్చేవారిలో ప్రమాదాలను తగ్గించే బోధన కావాలని లండన్‌లోని ఐ.ఎస్.డి.డి. అనే అధ్యయన సంస్థ 1980ల మొదట్లోనే ప్రతిపాదించింది. 1983 నాటి స్కాట్లాండ్ చట్టం అటువంటి బాలుణ్ణి నేరస్థునిగా కాక, సంరక్షణ అవసరమైనవానిగా చూసింది. 1985 నాటి ఇంగ్లండ్, వేల్స్ చట్టం మత్తుకోసమని తెలిసీ పిల్లలకు అమ్మినవారిని శిక్షార్హులను చేసింది. అయినా 1990లో బ్రిటన్‌లో ఈ మరణాలు 152కు చేరాయి. అమ్మకంపై అదుపు ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తుంది.

భారతీయ సందర్భం:

మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం సూదుల మార్పిడిని, బుప్రెనార్ఫిన్ వంటి ప్రత్యామ్నాయ ఔషధ చికిత్సను చేపట్టింది. వాటి విలువ కాదనలేనిది. కాని ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, పెద్దలకన్నా పిల్లల్లో వాడకం ఎక్కువగా ఉన్న మత్తు వర్గం ఒక్కటే: పీల్చే ద్రావకాలు. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. గుడ్డముక్కపై వైట్‌నర్ థిన్నర్ పోసి పీల్చే బాలునికి కొత్త సూదితో పని లేదు. ఓపియం జాతి మత్తుకు ఉద్దేశించిన బుప్రెనార్ఫిన్ కూడా అతనికి పనికిరాదు.

ముగింపు:

హాని తగ్గింపు సేవలు కౌమారుల హక్కు అని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2016లో పేర్కొంది. చరిత్రను సూదితో మొదలుపెడితే ఈ హక్కుకు అర్థం వయోజనుల సేవలో వయోపరిమితిని సడలించడమే అవుతుంది. జిగురుతో మొదలుపెడితే బాధ్యత ఉపాధ్యాయునికీ, దుకాణదారునికీ, పోలీసుకూ విస్తరిస్తుంది. ఆ బాధ్యతలో మొదటి పాఠం: మత్తులో ఉన్న పిల్లవాణ్ణి తరమకూడదు.